ఇంటి కార్బన్ లెక్క మీ ఫోన్‌లో: స్మార్ట్ ప్లగ్ ఏం చూపిస్తుంది, ఏం వదిలేస్తుంది?

ఇప్పుడు వస్తున్న చాలా స్మార్ట్ ప్లగ్ యాప్‌లలో యూనిట్ల పక్కనే ఓ పచ్చని ఆకు బొమ్మ కనిపిస్తోంది. దాని కింద "ఈ నెల ఇన్ని కిలోల కార్బన్" అని ఓ నంబర్ ఉంటుంది. సోలార్ ఇన్వర్టర్ యాప్‌లైతే ఇంకో అడుగు ముందుకేసి, మీరు ఎన్ని చెట్లు నాటినట్టో కూడా చెప్పేస్తున్నాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ నంబర్ ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని నమ్మి ఫ్రిజ్ మార్చొచ్చా? గ్యాస్ పొయ్యి తీసేసి ఇండక్షన్ పెట్టుకోవచ్చా?

నేను ఉండేది నర్సీపట్నంలో. రెండు నెలలుగా మా ఇంట్లో స్మార్ట్ ప్లగ్‌లు, ఒక చిన్న సర్వర్, ఫోన్ కెమెరా పెట్టి ఈ లెక్క తీస్తున్నా. ఈ ఆర్టికల్‌లో ఏ గ్యాడ్జెట్ కొనాలి అన్నదానికంటే, ఏ నంబర్‌ని ఎలా చదవాలి అన్నదే ఎక్కువ ఉంటుంది. చివరికి వచ్చేసరికి మీ ఇంటి లెక్క మీరే వేసుకోగలరు. క్యాలిక్యులేటర్ ఒక్కటి దగ్గర పెట్టుకోండి చాలు.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం

ఆన్‌లైన్‌లో "సీఓ2 మానిటర్" అని వెతికితే టేబుల్ మీద పెట్టుకునే చిన్న స్క్రీన్ గ్యాడ్జెట్లు వస్తాయి. అవి కొలిచేది గదిలోని గాలిని. పది లక్షల భాగాల గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎన్ని భాగాలు ఉందో చెబుతాయి. దాన్నే పీపీఎం అంటాం. బయటి గాలిలో ఇప్పుడు 420 పీపీఎం పైనే ఉంది. తలుపులు వేసుకుని ఇద్దరు పడుకుంటే గదిలో అది వెయ్యి దాటిపోతుంది. అంటే గదికి వెంటిలేషన్ సరిపోవట్లేదని అర్థం. అంతే. మీ ఇల్లు వాతావరణంలోకి ఎంత కార్బన్ వదులుతోందో దానికి తెలీదు. ఎందుకంటే మీ ఏసీ తాలూకు పొగ మీ గదిలో రాదు, ఎక్కడో పవర్ ప్లాంట్ చిమ్నీలోంచి వస్తుంది.

గది గాలి కోసమే కొనేవాళ్లయితే ఒక్కటి చూడండి. అసలైన సీఓ2 సెన్సర్ ఎన్‌డీఐఆర్ రకమో, ఫోటోఅకౌస్టిక్ రకమో అయి ఉండాలి. "ఈసీఓ2" అని రాసి ఉంటే అది వేరే వాయువులను చూసి వేసే అంచనా మాత్రమే. మన టాపిక్ వేరు కాబట్టి ఇక్కడితో ఆపేద్దాం.

మొత్తం పాఠం ఒక్క గుణకారంలో ఉంది

మీరు వాడిన యూనిట్లు × ఒక్క యూనిట్‌కి ఎంత కార్బన్ = మీ కరెంటు కార్బన్.

మొదటిది మీటర్ చెబుతుంది, లేదా స్మార్ట్ ప్లగ్ చెబుతుంది. రెండోదాన్ని ఎమిషన్ ఫ్యాక్టర్ అంటారు. మన దేశంలో దీన్ని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అంటే సీఈఏ, లెక్కగట్టి పబ్లిష్ చేస్తుంది. ఇటీవలి ఏళ్లలో దేశం మొత్తం సగటు యూనిట్‌కి 0.71 నుంచి 0.73 కిలోల మధ్య ఉంటోంది. నేను ఈ ఆర్టికల్ అంతా 0.72 అనే తీసుకుంటా. అంటే మీరు ఒక యూనిట్ కాలిస్తే ఎక్కడో 720 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసింది అనమాట. ఇది పవర్ ప్లాంట్ గేటు దగ్గరి లెక్క. మన ఇంటిదాకా వచ్చేలోపు వైర్లలో పోయే నష్టం కలిపితే ఇంకాస్త పెరుగుతుంది.

ఇక్కడ మా ఊరివాళ్లు తప్పకుండా అడిగే డౌట్ ఒకటుంది. "మనకు పైనే సీలేరు ఉంది కదా, మన కరెంటు నీళ్లతో తయారయ్యేదే కదా?" అడగడంలో న్యాయం ఉంది. నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్ ఎక్కి గూడెం కొత్తవీధి మీదుగా వెళ్తే సీలేరు వస్తుంది. ఎగువ సీలేరు కేంద్రం 240 మెగావాట్లు, దిగువ సీలేరు 460 మెగావాట్లు, ఒడిశాతో కలిసి నడిపే మాచ్‌ఖండ్ 120 మెగావాట్లు. అన్నీ జలవిద్యుత్తే. కానీ ఇదే అనకాపల్లి జిల్లాలో పరవాడ దగ్గర ఎన్టీపీసీ సింహాద్రి ఉంది. బొగ్గుతో నడిచే 2,000 మెగావాట్ల ప్లాంట్ అది.

మరి మన ప్లగ్‌లోకి వచ్చేది ఏది? రెండూ. ఇంకా ఎక్కడెక్కడివో కూడా. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైన్‌తో దక్షిణాది గ్రిడ్‌ని మిగతా దేశంతో కలిపేశారు. అప్పటి నుంచి దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే ఒకే గ్రిడ్. ఏటి నీళ్లన్నీ చెరువులో కలిశాక ఏ బిందె ఏ ఏటిదో చెప్పలేం కదా, ఇదీ అంతే. అందుకే కొండ కింద ఉన్నాం కాబట్టి మనది క్లీన్ కరెంటు అనుకోవడం కుదరదు. దేశం సగటే మన సగటు.

సున్నా రూపాయల గ్యాడ్జెట్: మీ మీటర్, మీ ఫోన్ కెమెరా

ఏదైనా కొనేముందు ఇది చేసి చూడండి. ఎలక్ట్రానిక్ మీటర్ మీద ఎర్రగా మిణుకుమిణుకుమనే ఎల్ఈడీ ఒకటి ఉంటుంది. దాని పక్కనే ఒక యూనిట్‌కి ఎన్ని పల్స్‌లో రాసి ఉంటుంది. మా మీటర్ మీద 3200 అని ఉంది. మీదాని మీద 1600 గానీ 6400 గానీ ఉండొచ్చు, చూసుకోండి.

3200 పల్స్‌లు ఒక యూనిట్ అయితే, నిమిషంలో వచ్చే ఒక్కో బ్లింక్ 18.75 వాట్ల లోడ్‌తో సమానం. ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి, తర్వాత తీరిగ్గా బ్లింక్‌లు లెక్కపెట్టండి. 40 వస్తే ఇంట్లో ఆ క్షణాన 750 వాట్లు నడుస్తున్నట్టు. 1600 మీటర్ అయితే ఒక్కో బ్లింక్‌కి 37.5 వాట్లు.

అసలు మజా ఎప్పుడంటే, రాత్రి అన్నీ ఆపేసి, ఫ్రిజ్ కంప్రెసర్ కూడా ఆగి ఉన్నప్పుడు లెక్కపెడితే. మా ఇంట్లో "అన్నీ ఆపేశాం" అన్నాక కూడా నిమిషానికి 4 బ్లింక్‌లు వచ్చాయి. అంటే 75 వాట్లు. రోజుకి 1.8 యూనిట్లు, నెలకి 54 యూనిట్లు, దాదాపు 39 కిలోల కార్బన్. ఎవరూ ఏమీ వాడకుండానే! దొంగ ఎక్కడున్నాడో వెతకడానికే స్మార్ట్ ప్లగ్ కావాలి.

ఒక హెచ్చరిక. మీటర్‌ని బయటి నుంచి చూడటం వరకే. సీల్ ముట్టుకోవడం, లోపల ఏదైనా పెట్టడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం నేరం. బ్లింక్‌లను ఆటోమేటిక్‌గా లెక్కపెట్టాలంటే ఈఎస్పీ32 బోర్డు, ఒక లైట్ సెన్సర్‌తో చేసే హోమ్ అసిస్టెంట్ గ్లో అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఉంది. అది కూడా బయట నుంచి వెలుగును చూస్తుందంతే.

ప్లగ్ కొనేటప్పుడు నాలుగు విషయాలు

ఒకటి, ఎనర్జీ మానిటరింగ్ ఉందా? అన్ని స్మార్ట్ ప్లగ్‌లకీ ఇది ఉండదు. ఉదాహరణకు టీపీ-లింక్ టాపోలో పీ100 కేవలం ఆన్, ఆఫ్ చేస్తుంది. పీ110కి కొలిచే చిప్ ఉంటుంది. పేరులో ఒక్క అంకె తేడా. బాక్స్ మీద స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి.

రెండు, ఎన్ని ఆంపియర్లు? 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 3,000 వాట్లదైతే 13. కాబట్టి గీజర్‌కి, ఏసీకి 16 ఆంపియర్ల ప్లగ్ తప్ప వేరేది పెట్టొద్దు. చిన్న ప్లగ్ పెడితే కరిగిపోతుంది, లెక్క సంగతి తర్వాత.

మూడు, కరెంటు పోయి వచ్చాక ఏ స్థితికి వస్తుంది? మన దగ్గర ఇది ముఖ్యం. ఫ్రిజ్‌కి పెట్టిన ప్లగ్ కరెంటు వచ్చాక ఆఫ్‌లో ఉండిపోతే పాలు విరిగిపోతాయి. సెట్టింగ్స్‌లో "పోయేముందు ఎలా ఉందో అలా" అన్న ఆప్షన్ ఉందో లేదో చూసుకోండి.

నాలుగు, డేటా ఎక్కడికి పోతుంది? నిమిషం నిమిషం కరెంటు వాడకం చూస్తే ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో, ఎన్నింటికి పడుకున్నారో తెలిసిపోతుంది. కంపెనీ క్లౌడ్ లేకుండా మన ఇంటి వైఫైలోనే పనిచేసే పరికరాలు దొరికితే అవే మంచివి. 2024 మే నెలలో వచ్చిన మ్యాటర్ 1.3 వెర్షన్‌లో ఎనర్జీ రిపోర్టింగ్‌ని చేర్చారు. కాబట్టి ఇకపై కొనేవాటిలో ఆ సపోర్ట్ ఉందా అని అడగండి. బ్రాండ్ ఏదైనా ఒకే యాప్‌లో చూసుకోవచ్చు.

మొత్తం ఇంటిని ఒకేసారి కొలవాలంటే షెల్లీ ఈఎం లాంటి క్లాంప్ మీటర్లు ఉన్నాయి. మెయిన్ వైర్ చుట్టూ రింగులా తొడుగుతారు, వైర్ కోయక్కర్లేదు. కానీ మెయిన్ బోర్డు తెరవాలి కాబట్టి ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడక్కుండా దాని జోలికి పోవద్దు.

కొన్నాక మొదటి పని టెస్ట్ చేయడం. ఇంట్లో మిగతావన్నీ ఆపి, ప్లగ్‌కి ఒక ఇస్త్రీ పెట్టె పెట్టి, అది వేడెక్కుతున్నప్పుడు ప్లగ్ చూపించే వాట్లనీ, మీటర్ బ్లింక్‌ల లెక్కనీ పోల్చండి. రెండింటికీ రెండు మూడు శాతం తేడా ఉంటే పర్వాలేదు. పది శాతం ఉంటే ఆ ప్లగ్‌ని వెనక్కి పంపేయండి.

మా ఇంట్లో ఏం తేలింది?

ప్లగ్‌ని ఒక్కో వస్తువుకి వారం చొప్పున మార్చుకుంటూ వచ్చా. నెల లెక్కకి మార్చి చెబుతున్నా, ఫిగర్లు రౌండ్ చేశా.

• పన్నెండేళ్ల డబుల్ డోర్ ఫ్రిజ్: రోజుకి 1.7 యూనిట్లు, నెలకి 51. కార్బన్ 37 కిలోలు.
• గీజర్, చలికాలంలో రోజుకి అరగంట: నెలకి 30 యూనిట్లు, 22 కిలోలు.
• పాత సీలింగ్ ఫ్యాన్ ఒకటి, రోజుకి 12 గంటలు: నెలకి 27 యూనిట్లు, 19 కిలోలు.
• కరెంటు పోయినప్పటి కోసం పెట్టిన ఇన్వర్టర్, బ్యాటరీ నిండాక కూడా లాగుతున్న 22 వాట్లు: నెలకి 16 యూనిట్లు, 11 కిలోలు.
• సెట్‌టాప్ బాక్స్, టీవీ ఆపేసినా ఆగని 11 వాట్లు: నెలకి 8 యూనిట్లు, దాదాపు 6 కిలోలు.
• వైఫై రూటర్: నెలకి 5 యూనిట్లు, 3.6 కిలోలు.
• నా ఫోన్ ఛార్జింగ్: నెలకి ముప్పావు యూనిట్, అర కిలో.

ఫ్యాన్ ప్లగ్‌కి తగలదు కదా, ఎలా కొలిచావు అంటారేమో. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు, ఫ్యాన్ ఆన్‌లో ఐదు నిమిషాలు, ఆఫ్‌లో ఐదు నిమిషాలు మీటర్ వీడియో తీశా. 20 బ్లింక్‌ల తేడా వచ్చింది. అంటే 75 వాట్లు. అదే చోట 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే నెలకి 11 యూనిట్లే అవుతుంది. ఒక్క ఫ్యాన్‌కి 16 యూనిట్లు మిగులు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకీ స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. కాబట్టి అబీద్ సెంటర్‌లో షాపుకెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా ముందు లేబుల్ చూడండి.

ఈ లిస్ట్‌లో నాకు నచ్చిన సంగతి ఆఖరి లైన్. మా ఇంట్లో ఎప్పుడూ తిట్లు పడేది ఫోన్ ఛార్జర్ ఆపనందుకు. ఏ గొడవా లేకుండా మూలన కూర్చున్న ఇన్వర్టర్ దానికి ఇరవై రెట్లు తింటోంది.

ఫ్రిజ్ విషయంలో తొందరపడలేదు. తలుపు రబ్బరు వదులైపోయి చల్లదనం బయటికి పోతోందని గమనించి, కొన్ని వందల రూపాయలతో దాన్ని మార్పించా. తర్వాతి వారం ప్లగ్ రోజుకి 1.3 యూనిట్లు చూపించింది. ఏడాదికి లెక్కేస్తే 146 యూనిట్లు, 100 కిలోలకు పైగా కార్బన్. కనెక్టెడ్ గ్యాడ్జెట్ అసలు విలువ ఇదీ. అది కార్బన్‌ని తగ్గించదు, మనం చేసిన పని ఫలితం ఇచ్చిందో లేదో వారంలో చెప్పేస్తుంది.

రూపాయలు, కార్బన్ కలిసి నడవవు

మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకి 2022 నుంచి ఉన్న స్లాబులు తెలుసుగా. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మిగతా ఛార్జీలు వేరే.

నెలకి 250 యూనిట్లు కాల్చే ఇల్లు 30 తగ్గిస్తే పై స్లాబులో 25, కింది స్లాబులో 5 యూనిట్లు తగ్గుతాయి. దాదాపు 249 రూపాయలు మిగులుతాయి. 120 యూనిట్ల ఇల్లు అదే 30 తగ్గిస్తే మిగిలేది 135 రూపాయలే. కానీ కార్బన్ రెండు ఇళ్లకీ ఒకటే, 21.6 కిలోలు. యాప్‌లో "ఇంత ఆదా అయింది" అని రూపాయల్లో చూపించే ఫీచర్ చాలాసార్లు ఒకే రేటు వేసి గుణించేస్తుంది. అక్కడ మీ చివరి స్లాబు రేటు ఇవ్వండి, అప్పుడే ఆ నంబర్‌కి అర్థం ఉంటుంది.

యాప్ చెప్పే కార్బన్‌ని పట్టుకునే చిట్కా

యాప్‌లో కిలోల నంబర్‌ని యూనిట్ల నంబర్‌తో భాగించండి. 0.7 దగ్గర వస్తే మన దేశం ఫ్యాక్టర్ వాడుతోంది. 0.3 వచ్చిందా? ఏదో యూరప్ దేశం లెక్క. 1 దగ్గర వచ్చిందా? పూర్తిగా బొగ్గు అనుకుని వేసిన లెక్క. సోలార్ యాప్‌లలో ఇలా ఎక్కువ ఫ్యాక్టర్ పెడితే మీరు ఆదా చేసిన కార్బన్ పెద్దగా కనిపిస్తుంది, చెట్లు కూడా ఎక్కువొస్తాయి. సెట్టింగ్స్‌లో మార్చే వీలుంటే 0.72 పెట్టేయండి.

సొంతంగా చేసుకోవాలనుకుంటే హోమ్ అసిస్టెంట్ బెస్ట్. ఉచితం, ఓపెన్ సోర్స్. 2021 ఆగస్టు వెర్షన్ నుంచి ఎనర్జీ డ్యాష్‌బోర్డ్ కూడా ఉంది. పాత ల్యాప్‌టాప్ మీదో, రాస్ప్‌బెర్రీ పై మీదో నడుస్తుంది. ప్లగ్‌ల యూనిట్లను అందులోకి తెచ్చి, ఒక టెంప్లేట్ సెన్సర్ చేసి యూనిట్లను 0.72తో గుణించమంటే చాలు. దానికి యుటిలిటీ మీటర్ హెల్పర్ తగిలిస్తే రోజువారీ, నెలవారీ కార్బన్ విడివిడిగా వచ్చేస్తుంది.

దీంట్లోనే ఎలక్ట్రిసిటీ మ్యాప్స్ అనే సర్వీస్‌ని కలపొచ్చు. గంట గంటకీ గ్రిడ్‌లో బొగ్గు ఎంత, సోలార్ ఎంత, నీళ్లు ఎంత అని అది అంచనా ఇస్తుంది. దక్షిణ భారతం అని ఒక జోన్ ఉంది. అది చూస్తే మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు కర్నూలు, అనంతపురం వైపు సోలార్ ప్లాంట్లు, మిగతా దక్షిణాది రాష్ట్రాలవి పనిచేస్తుంటే యూనిట్ కార్బన్ దిగుతుంది, రాత్రి మళ్లీ ఎక్కుతుంది. కాబట్టి వాషింగ్ మెషిన్, మోటార్, ఈ-బైక్ ఛార్జింగ్ లాంటివి పగటికి మార్చడం మంచి అలవాటు. ఒక్క జాగ్రత్త ఏంటంటే, ఎలక్ట్రిసిటీ మ్యాప్స్ మామూలుగా ప్లాంట్ కట్టడం దగ్గర్నుంచి మొత్తం జీవితకాలం కార్బన్ కలుపుతుంది. సీఈఏ ప్లాంట్‌లో ఇంధనం కాల్చినప్పటిది మాత్రమే చూస్తుంది. ఒక నెల ఇది, ఒక నెల అది పెట్టి పోల్చొద్దు.

అసలు పరీక్ష: గ్యాస్ పొయ్యా, ఇండక్షనా?

ఇది మా ఇంట్లో నిజంగా తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్న. ఇండక్షన్ అంటే పొగ లేదు, మంట లేదు, కాబట్టి గ్రీన్ అని మనలాంటి టెక్ బ్యాచ్ అంతా అనుకుంటాం. లెక్క వేద్దాం.

14.2 కిలోల సిలిండర్ కాలితే కిలోకి దాదాపు 3 కిలోల చొప్పున 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ గ్యాస్‌లో ఉన్న శక్తి సుమారు 181 యూనిట్లు. మంచి పొయ్యి అందులో 68 శాతం గిన్నెకి ఇస్తుంది అనుకుందాం, అంటే 123 యూనిట్లు. అదే వంట 85 శాతం సామర్థ్యం ఉన్న ఇండక్షన్ మీద చేయాలంటే 145 యూనిట్లు కావాలి. 145ని 0.72తో గుణిస్తే 104 కిలోలు.

అవును, రెండున్నర రెట్లు. మన పొయ్యి పాతదై 50 శాతమే ఇస్తోంది అనుకున్నా ఇండక్షన్ లెక్క 77 కిలోల దగ్గర ఆగుతుంది. అప్పటికీ గ్యాస్ కంటే ఎక్కువే. బొగ్గు గనుల్లో, గ్యాస్ రవాణాలో అయ్యే కార్బన్‌ని రెండు వైపులా కలపలేదు, అయినా తేడా ఇంత పెద్దగా ఉన్నప్పుడు దిశ మారదు.

అయితే ఇండక్షన్ చెడ్డదా? కాదు. గ్రిడ్ ఫ్యాక్టర్ 0.29కి దిగిన రోజు రెండూ సమానం, ఆ తర్వాత ఇండక్షనే మేలు. మీ ఇంటి మీద సోలార్ ఉండి పగలు వంట చేస్తే ఆ రోజు ఇవాళే వచ్చినట్టు. వంటింట్లో వేడి, పొగ తగ్గడం వేరే లాభం. గ్యాస్ దొరకని చోట కట్టెల పొయ్యితో పోలిస్తే ఊపిరితిత్తులకి ఎంత మేలో చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. "ఎలక్ట్రిక్ అంటే గ్రీన్" అనేది సూత్రం కాదు, మీ ఊరి గ్రిడ్‌ని బట్టి మారే సమాధానం.

సోలార్ మాట వచ్చింది కాబట్టి, 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సిస్టమ్‌కి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్లు అనుకుంటే నెలకి 360 యూనిట్లు, దాదాపు 259 కిలోల కార్బన్. పైన మా లిస్ట్ అంతా కలిపినా అంత రాదు.

స్మార్ట్ ప్లగ్‌కి కనపడనివి

ఒక మామూలు ఇంటిని తీసుకుందాం. నెలకి 220 యూనిట్లు, అంటే 158 కిలోలు. సిలిండర్ నలభై రోజులు వస్తే నెలకి 31 కిలోలు. బైక్‌కి 15 లీటర్ల పెట్రోల్, లీటర్‌కి 2.3 కిలోల చొప్పున 34 కిలోలు. మొత్తం 224 దాకా. ఇందులో మీటర్ చూసేది 70 శాతం. మిగతా 30 శాతం యాప్‌లో ఉండదు. సిలిండర్ మార్చిన తేదీ, పెట్రోల్ బిల్లు ఫోన్ నోట్స్‌లో రాసుకుంటే చాలు, దానికి సెన్సర్ అక్కర్లేదు. చింతపల్లి, లంబసింగి వైపు సరదాగా ఒక రైడ్ కొట్టొస్తే ఆ నెల లెక్కలో అదీ కనపడాలి.

ఇంకొకటి ఎవరూ చూడనిది ఏసీలో గ్యాస్. కొత్త ఏసీల్లో వాడే ఆర్32 ఒక కిలో లీకయితే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంతకుముందు వచ్చిన ఆర్410ఏ అయితే 2,088 కిలోలు. ఏసీలో 0.8 కిలోల ఆర్32 ఉందనుకుంటే, మొత్తం లీకయితే 540 కిలోలు. అంటే 750 యూనిట్ల కరెంటు కాల్చినంత! ప్రతి వేసవికీ "గ్యాస్ తగ్గింది, నింపుతా" అని మెకానిక్ అంటే, ముందు లీక్ ఎక్కడో పట్టి మూయమని గట్టిగా అడగండి. ఏసీని 24 డిగ్రీల మీద ఉంచితే తగ్గే కార్బన్ అంతా ఒక్క లీక్‌తో పోతుంది.

మరి ఈ గ్యాడ్జెట్ల కార్బన్ మాటేంటి?

రివ్యూ సైట్‌లో రాస్తూ ఇది చెప్పకపోతే న్యాయం కాదు. ఒక స్మార్ట్ ప్లగ్ తనకోసం తాను ఒక వాట్ దగ్గర్లో తింటుంది. ఏడాదికి దాదాపు 9 యూనిట్లు, 6 కిలోలు. ఇంట్లో పది పెడితే ఏడాదికి 63 కిలోలు, అంటే సిలిండర్న్నర కాల్చినంత. రాస్ప్‌బెర్రీ పై సర్వర్ మూడున్నర వాట్లు లాగితే ఏడాదికి ఇంకో 22 కిలోలు.

ఇక ఫోన్. నా ఫోన్ ఛార్జింగ్ ఏడాదికి 9 యూనిట్లు, ఆరేడు కిలోలే. కానీ ఆపిల్ తన ఐఫోన్ 14కి ఇచ్చిన లెక్కలో మొత్తం జీవితకాలం కార్బన్ దాదాపు 60 కిలోలు, అందులో సింహభాగం తయారీదే. ఛార్జర్ ఆపడం కంటే ఫోన్‌ని ఇంకో రెండేళ్లు వాడటం చాలా పెద్ద పని. కొత్త ఫోన్ల గురించి రోజూ మాట్లాడుకునే మనకి ఇది కాస్త చేదుగానే ఉంటుంది.

అందుకే నా సలహా పది ప్లగ్‌లు కొనొద్దని. ఒకటి చాలు, రెండు ఎక్కువ. వారానికో వస్తువుకి తిప్పండి. పని అయ్యాక మీ ఫ్రెండ్‌కి ఇచ్చేయండి. ఒక వీధికి ఒక ప్లగ్ ఉన్నా ఏడాదిలో అందరి ఫ్రిజ్‌లూ కొలిచేయొచ్చు.

ఈ నెల మీరు చేయాల్సింది

మొదటి వారం: రాత్రి అన్నీ ఆపి మీటర్ బ్లింక్‌లు లెక్కపెట్టండి. నెల మొత్తానికి కిలోల్లోకి మార్చండి.

రెండో వారం: 16 ఆంపియర్ల, కొలిచే ప్లగ్ ఒకటి సంపాదించి ఫ్రిజ్‌కి పెట్టండి. లేబుల్ మీద ఉన్న ఏడాది యూనిట్లను 365తో భాగించి పోల్చండి. రెట్టింపు దాటితే తలుపు రబ్బరు చూడండి, వెనక కాయిల్ దుమ్ము తుడవండి.

మూడో వారం: టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఇన్వర్టర్. ఆపినా ఆగనివి ఏవో రాసుకోండి.

నాలుగో వారం: కరెంటు బిల్లు, సిలిండర్, పెట్రోల్ మూడూ కలిపి ఒక్క పేజీలో వేయండి. పెద్ద నంబర్ ఏదో చూడండి. వచ్చే నెల ఆ ఒక్కదాని మీదే పని చేయండి.

ఆకు బొమ్మ పక్కన ఉన్న నంబర్‌ని ఇక నుంచి ఊరికే చూసి వదిలేయకండి. యూనిట్లతో ఒకసారి భాగించండి. 0.7 రాకపోతే ఆ యాప్ మీ ఇంటి లెక్క చెప్పట్లేదు, ఇంకెవరిదో చెబుతోంది.